మేస్త్రి కేక

వీరేశం మేస్త్రికి చెవులు వినబడవన్న సంగతి కొత్తగూడ బావి దగ్గర ముగ్గురికే తెలుసు. ఒకరు వీరేశం. ఇంకొకరు ఆయన భార్య కిష్టమ్మ. మూడోవాణ్ణి నేను. నా పేరు వెంకటనారాయణ, నార్సింగి వాణ్ణి, బావుల దఫ్తరులో గుమస్తాను. నాకు ముక్కు మీద కోపమని ఊళ్ళో పేరు. ఆ కోపం రావలసిన చోట ఒక్కసారి వచ్చి ఉంటే ఈ కథ చెప్పుకోవలసిన ఖర్మ నాకు పట్టేది కాదు.

పోలీసు చర్య జరిగి అప్పటికి ఆరేడు నెలలు. అంతకుముందు దఫ్తరు కాగితాలన్నీ ఉర్దూలో నడిచేవి. సర్కారు మారగానే ఇంగ్లీషు కాగితాలు దిగబడ్డాయి. పాత మున్షీలు తలలు పట్టుకుని కూర్చున్నారు. నేను పట్నంలో మెట్రిక్ దాకా చదివినవాణ్ణి కాబట్టి నన్ను తాత్కాలికంగా తీసుకున్నారు. అట్ట ఊడిన లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఒకటి నా దగ్గర ఉండేది. దాన్ని సైకిలు వెనక కట్టుకుని ఊరూరా తిప్పేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాది కంటి ఇంగ్లీషే గానీ చెవి ఇంగ్లీషు కాదు. కాగితం మీద ఎంత పెద్ద మాటనైనా వదిలేవాణ్ణి కాదు. ఎవరైనా గబగబా మాట్లాడితే మాత్రం సగం గాలికి పోయేది. అప్పుడు ఎదుటివాళ్ళ ముఖం చూసి, వాళ్ళు నవ్వితే నవ్వి, వాళ్ళు చిరాకు పడితే చిరాకు పడి, గంగిరెద్దులా తలాడించేవాణ్ణి. ఆ విద్యలో నాకు నేనే సాటి అనుకునేవాణ్ణి, వీరేశాన్ని చూసేదాకా.

వీరేశం అప్పటికి యాభై దాటినవాడు. ముప్పై ఏళ్ళుగా బండలో బావులు తవ్విస్తున్నాడు. గచ్చిబౌలి నుంచి కొత్తగూడ దాకా నేల గీరితే చాలు, కింద రాయే. ఆ రాయికి చిల్లు వేసి, మందు కూరి, వత్తి అంటించి పేల్చడం, పగిలిన బండను సమ్మెటలతో కొట్టి మోకులతో పైకి లాగడం ఆయన గుంపు పని. గుంపులో పన్నెండు ఇళ్ళవాళ్ళు ఉండేవారు. ఆయన మాట్లాడటం బహు తక్కువ. జాగీర్దారు మనుషులు వచ్చి గద్దించినా చేతులు కట్టుకుని చూస్తూ నిలబడేవాడే తప్ప, అందరిలా బాంచెనంటూ వంగేవాడు కాదట. వెనక నుంచి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. కొందరు తలబిరుసన్నారు, కొందరు పెద్దరికమన్నారు. ఆయన ఎంత పలక్కపోతే జనం అంత భయపడ్డారు. నేనూ భయపడ్డాను. మొదటి రోజు మూడుసార్లు "మేస్త్రీ" అని పిలిచి, పలక్కపోయేసరికి, నాలుగోసారి నేనే ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

ఆ గుంపుకొక కట్టుబాటు ఉంది. పేలుడయ్యాక పొగ పోయేదాకా అందరూ పైనే ఆగుతారు. ముందు మేస్త్రి దిగుతాడు. చిన్న సుత్తితో గోడ చుట్టూ ఒక్కొక్క రాయినీ తట్టి వింటాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పగులున్న రాయి పుచ్చు గుమ్మడికాయలా బొదబొదమంటుంది. అలాంటి రాయికి సున్నం బొట్టు పడుతుంది. తట్టడం పూర్తయ్యాక మేస్త్రి అడుగు నుంచి "దిగుండ్రి" అని కేక వేస్తాడు. దిగినవాళ్ళు బొట్టు రాళ్ళ కిందికి పోకుండా, ముందుగా వాటినే గడ్డపారలతో పెకిలించి పడేస్తారు. ఆ తర్వాతే మిగతా పని. కేక పడేదాకా ఎవరూ కాలు పెట్టరు. పడ్డాక ఎవరూ ఆగరు. ఆగితే మేస్త్రిని నమ్మనట్టే, అలాంటివాడికి గుంపులో చోటుండదు. బావిలో ఏం జరిగినా మేస్త్రిదే పూచీ. ముప్పై ఏళ్ళలో వీరేశం తవ్వించిన ఏ బావిలోనూ ప్రాణం పోలేదు.

మేస్త్రితో పాటు దిగే మనిషి ఒక్క కిష్టమ్మే. సున్నం ముంత ఆమె చేతిలో ఉండేది. ముంత పట్టుకోవడానికి ఆడమనిషి ఎందుకని ఎవరో అడిగితే "దాని చెయ్యి మంచిది" అన్నాడట మేస్త్రి. అంతటితో అందరూ ఊరుకున్నారు.

మార్చిలో ఒక పొద్దున నేను కొలతల కోసం వాళ్ళతో పాటు దిగాను. పదిహేను గజాల లోతు. మందు వాసన ఇంకా పోలేదు. నేను ఒక మూల టేపు పట్టుకుని నిలబడ్డాను. మేస్త్రి సుత్తితో తట్టాడు. ఖంగుమంది. ఇంకో రాయి తట్టాడు. అదీ ఖంగుమంది. మూడోది నా చెవికే తేడాగా వినిపించింది. అప్పుడు చూశాను. ఆయన రాయి వైపు చూడటం లేదు. కిష్టమ్మ ముఖం వైపు చూస్తున్నాడు. ఆమె కళ్ళు ఒక్క క్షణం మూసి తెరిచింది. ఆయన తల పంకించి, వేలు చూపించాడు. ఆమె సున్నం బొట్టు పెట్టింది. పైన ఉన్నవాళ్ళకు మేస్త్రి చెబితే ఆమె పెట్టినట్టే కనిపిస్తుంది. నేను ఇంకో నాలుగు రాళ్ళు చూశాను. అనుమానం లేదు. అది నా విద్యే. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఆమె నన్ను చూసింది. నాకు తెలిసిపోయిందని ఆమెకు తెలిసిపోయింది. పైకి వచ్చాక దూరంగా పిలిచి అంది.

"ఆరేండ్లయింది సారూ. మందు చప్పుడుకు పోయినయి చెవులు. ఎవలకు చెప్పకు."

"మస్తు పెద్ద సంగతి దాచిండ్రు కిష్టమ్మా."

"దాస్తే ఏమైంది? ఆయన తడ్తడు, నేనింట. బాయి అయితున్నది గద."

నాకు వాళ్ళ మీద కోపం రాలేదు. ఇష్టం కలిగింది. లోకాన్ని మోసం చేస్తూ బతికేది నేనొక్కణ్ణే కాదని ధైర్యం వచ్చింది. సిగ్గులేని మాటే గానీ, ఉన్నమాట.

ఏప్రిల్ మొదట్లో దఫ్తరు నుంచి కొత్త కాగితం వచ్చింది. ఇక మీదట మందు పేల్చే ప్రతి బావికీ సర్టిఫికెట్ పొందిన ఒక మనిషి ఉండాలి. పాత కాగితాల్లో ఆ మనిషిని 'ఉస్తాద్' అని రాసేవాళ్ళు. ఈ కాగితంలో 'మాస్టర్' అని ఉంది. ప్రమాదం జరిగితే శిక్ష ఆ మనిషికే. ఇంకో నిబంధన కూడా ఉంది. మందు పేల్చే బావిలోకి ఆడవాళ్ళు దిగకూడదు.

'మాస్టర్' అన్న మాట నాకు దొరికింది కదా, ఇక ఆగుతానా? నిఘంటువు తెరిచాను. ఆ ఒక్క మాటకే పేజీన్నర అర్థాలున్నాయి. యజమాని, పంతులు, ఓడ నడిపేవాడు, బానిసలున్నవాడు, పనిలో ఆరితేరినవాడు. చివర దాని పుట్టుక ఉంది. లాటిను భాషలో 'మాగిస్టర్' అట. 'మాగిస్' అంటే ఎక్కువ. ఎక్కువైనవాడు మాగిస్టర్. మేజిస్ట్రేటు కూడా ఆ కడుపున పుట్టినవాడే. పక్కనే పోర్చుగీసు రూపం ఇచ్చారు, 'మెస్త్రె' అని. చదవగానే లేచి నిలబడ్డాను. సముద్రం దాటి వచ్చిన పోర్చుగీసువాళ్ళ నోటి నుంచి మన నోట్లో పడి మేస్త్రి అయింది! సర్కారు కాగితంలోని మాస్టరు, కొత్తగూడ బండ మీది మేస్త్రి ఒకే రక్తం. ఏనుగెక్కినంత సంబరమైంది నాకు.

మధ్యాహ్నం గుంపు అంతా అంబలి తాగుతున్న చోటికి వెళ్ళి ఇదంతా చెప్పాను. వీరేశం నా పెదాల వైపు చూశాడు. అందక, కిష్టమ్మ వైపు చూశాడు. ఆమె ఆయనకు ఎదురుగా కూర్చుని, మజ్జిగ పోస్తున్న నెపంతో ఒక్కొక్క మాటా నెమ్మదిగా తిరిగి చెప్పింది. విన్నకొద్దీ ఆయన వెన్ను నిటారైంది. ఆ మనిషి నవ్వగా అదే మొదటిసారి చూడటం.

"ఎక్కువోడు అంటే ఎవరికంటె ఎక్కువ సారూ?" అని అడిగింది కిష్టమ్మ.

"అందరికంటె."

"మరి తక్కువోడు ఎవడు?"

అదీ నిఘంటువులో ఉంది. మాగిస్టరుకు ఎదురుమాట 'మినిస్టర్'. తక్కువైనవాడు, సేవ చేసేవాడు. అది చెప్పాను. ఆమె పకపకా నవ్వింది.

"గది రాసినోడు ఎన్నడు బాయి తవ్వి ఉండడు. బాయిల ఎక్కువోడు ముందుగాల దిగుతడు, తక్కువోడు ఎన్క దిగుతడు. రాయి పడితే ముందు ఎవని నెత్తి మీద పడ్తది?"

గుంపులో అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వినవాడు మొగిలి. మేస్త్రి మేనల్లుడు, ముప్పై ఏళ్ళవాడు, గుంపులో పెద్ద సమ్మెట అతనిదే. "అయితే మా మామ సర్కారుకు చుట్టమే సారూ" అన్నాడు. ప్రమాదం జరిగితే శిక్ష మాస్టరుకేనన్న ముక్క కూడా చదివి వినిపించాను. కిష్టమ్మ చెప్పగా అర్థం చేసుకుని వీరేశం "గది ఎప్పటి సందో ఉన్నదే" అన్నాడు. ఆడవాళ్ళు దిగకూడదన్న ముక్క చదివినప్పుడు మాత్రం కిష్టమ్మ దాన్ని ఆయనకు చెప్పలేదు. ముంత ఎత్తుకుని లేచి వెళ్ళిపోయింది.

సర్టిఫికెట్లు ఇచ్చే అధికారి లింగమూర్తి గారు. బెజవాడ వైపు నుంచి వచ్చారు. మంచివారే. నెత్తిన ఎప్పుడూ గట్టి టోపీ. ఆయనకు నేను ఈ మాట పుట్టుక అంతా కాగితం మీద రాసి పంపాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన ముచ్చటపడి, పట్నంలో పెద్దవాళ్ళకు చూపించారట. "మీలాంటి వాళ్ళు తాత్కాలికంగా ఉండటమేమిటండీ? ఈ నెలలోనే పర్మనెంటు చేయిస్తాను" అని కబురు పెట్టారు. ఇంట్లో ఆ ముక్క పదిసార్లు చెప్పుకున్నాను.

అధికారి రావడానికి ముందు రోజు సాయంత్రం నేను సైకిలు మీద ఇంటికి పోతుంటే గచ్చిబౌలి గుట్టల దగ్గర కిష్టమ్మ బాట మధ్యలో నిలబడి ఉంది. నా కోసమే అంత దూరం నడిచి వచ్చింది.

"సారూ, జర ఆగు. రేపు ఆ కాగితంల ఏం రాస్తవు?"

"ఏం రాయాలె?"

"ఉన్నది రాయి. మాయనకు ఇనవడదని రాయి."

సైకిలు దిగాను. "నువ్వేనా గిట్ల అంటున్నది? చెప్పకు అన్నది నువ్వే గద!"

"అప్పుడు నేను దిగుతుంటి. ఇగ నన్ను దిగనియ్యరు గద. నేను లేకుంటే ఆయన కొట్టేది రాయిని గాదు సారూ, గాలిని."

"ఆ మాట నువ్వే ఆయనకు చెప్పరాదు?"

"చెప్పిన. నా చేతులకు తెలుస్తది పో అన్నడు. నలుగురి ముంగట నేనంటే జన్మల నా మొకం చూడడు. నువ్వు రాస్తే సర్కారు రాసిందంటడు. సర్కారు మీద అలుగుతడు. అలగనీ."

"పని పోతది కిష్టమ్మా. పన్నెండు ఇండ్లు."

"పోతే పోనీ. గుట్టలకేం కరువు? ఇంకో తాన కొడ్తం. మనిషి పోతే యాడ తెస్తం?" ఆమె నా సైకిలు మీద చెయ్యి వేసింది. "నువ్వు సదువుకున్నోనివి. నీ చేతుల ఉన్నది."

"చూస్త" అన్నాను. నా జన్మలో అంత నీచమైన మాట ఇంకొకటి అనలేదు. రాస్తానని గానీ రాయనని గానీ అనకుండా, ఆమెను నమ్మించి పంపే మాట. ఆమె నమ్మి వెళ్ళిపోయింది.

మర్నాడు లింగమూర్తి గారు బావి దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. వీరేశం తలకు కొత్త రుమాలు చుట్టుకుని, చేతులు కట్టుకుని ఎదుట నిలబడ్డాడు. "ఈయనేనా మీ మేస్త్రి? మనిషిని చూస్తేనే తెలుస్తోందండీ" అన్నారు ఆయన నాతో. కాగితం నా ముందుకు తోశారు. "మీరెరిగిన మనిషే కదా, గళ్ళు మీరే నింపండి."

వయసు, అనుభవం, చూపు. ఆ మూడూ నింపాను. నాలుగో గడి వినికిడి. కలం ఆగింది. ఎదురుగా, ఆడవాళ్ళ మధ్యలో, కిష్టమ్మ నా చేతినే చూస్తోంది. ఇప్పుడు వినబడదని రాస్తే, నువ్వు ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటారు. నీ గొప్ప మాస్టరు ఇతనేనా అంటారు. పట్నంలో పెద్దవాళ్ళు నవ్వుతారు. పర్మనెంటు సంగతి నీళ్ళలో కలుస్తుంది. పన్నెండు ఇళ్ళ గురించి కూడా ఆలోచించానని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆ క్షణంలో నేను ఆలోచించింది నా గురించే. 'గుడ్' అని రాశాను. కింద నా సంతకం పెట్టాను. వీరేశం వేలిముద్ర వేశాడు. కిష్టమ్మకు చదువు రాదు గానీ నేను తలెత్తకపోవడం చూసి ఏం రాశానో గ్రహించి ఉంటుంది.

అదే రోజు పేలుడు ఉంది. అధికారి చూసి వెళ్తానన్నారు. మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉండగా మందు పేలింది. గుట్టలన్నీ మారుమోగాయి. పొగ పోయాక వీరేశం సుత్తి నడుముకు దోపుకుని, సున్నం ముంత తనే పట్టుకుని మోకు అందుకున్నాడు. కిష్టమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "ఆవిడ దిగకూడదండీ" అన్నారు లింగమూర్తి గారు. వీరేశానికి ఆ మాట వినబడలేదు గానీ, అడ్డం పెట్టిన చెయ్యి కనబడింది. భార్య వైపు ఒక్కసారి చూసి దిగిపోయాడు.

ఆమె బావి ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి వంగింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. కింద తట్టుతున్న చప్పుడు పైకి వచ్చేసరికి గోడలకు తగిలి కలగాపులగమవుతోంది. ఖంగ్. ఖంగ్. కాసేపటికి ఒకటి మందంగా వచ్చింది. ఈసారి నాకే స్పష్టంగా వినబడింది. కిష్టమ్మ గతుక్కుమంది.

"అది! గదే సారూ! ఉత్తరం దిక్కుది!"

కింద వీరేశం ఆ రాయిని దాటిపోయాడు. ఇంకో రెండు రాళ్ళ అవతల, ఖంగుమన్న దానికి, తీరిగ్గా బొట్టు పెట్టాడు. చేతులకు తెలుస్తుందన్నాడు కదా. ఆ చేతులు ఆయనకు ఏం చెప్పాయో!

"మామా! గదిగాదు! మామా!" అని అరిచింది కిష్టమ్మ. మొగుణ్ణి మామా అనే పిలిచేది. ఆయన తలెత్తలేదు. నా చొక్కా పట్టుకుంది. "చెప్పు సారూ! దిగొద్దని చెప్పు!"

"ఏమంటోందండీ ఆవిడ?" అని అడిగారు లింగమూర్తి గారు.

నా నోట్లోంచి రావలసిన మాట ఐదు అక్షరాలు. వినబడదు. ఆ కాగితం మీద సిరా ఇంకా పచ్చిగానే ఉంది.

"ఏం లేదండీ. భయపడుతోంది" అన్నాను.

"దిగుండ్రీ!" అని కింద నుంచి మేస్త్రి కేక పడింది.

మొగిలి ముందు వరసలో ఉన్నాడు. గడ్డపార భుజాన వేసుకుని మోకు పట్టుకున్నాడు. కిష్టమ్మ అతని కాళ్ళకు అడ్డం పడింది.

"పోకు మొగిలీ. మీ మామకు ఇనవడదు. ఆరేండ్ల సంది ఇనవడదు!"

గుంపులోవాళ్ళు బిక్కమొహం వేసి ఒకరినొకరు చూసుకున్నారు. ఆరేళ్ళలో ఎనిమిది బావులు తవ్వించిన మేస్త్రికి చెవుడంటే ఎవరు నమ్ముతారు? పైగా సర్కారు అప్పుడే సర్టిఫికెట్ ఇచ్చింది, మేస్త్రికి అన్నీ బాగున్నాయని. మొగిలి ఆమెను మెల్లగా పక్కకు జరిపాడు. "కేక వేసిండు గద అత్తా. ఆగితే మామ ఏమనుకుంటడు?" అన్నాడు. దిగాడు.

అతను అడుగుకు చేరి, బొట్టు పెట్టిన రాయికి దూరంగా, ఉత్తరం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అది భద్రమైన చోటని మేస్త్రి చెప్పినట్టే కదా. గడ్డపార ఎత్తాడు. అంతే. రాయి పడ్డ చప్పుడు పెద్దగా లేదు. మోకు పట్టుకుని సగం దిగిన ఇద్దరు పైకి పాకి వచ్చేశారు. దుమ్ములో వీరేశం గొంతు ఒక్కటే వినబడింది. "మొగిలీ... ఒరే మొగిలీ..." అని పిలుస్తూనే ఉన్నాడు. జవాబు వచ్చినా ఆయనకు వినబడదు. జవాబు రాలేదు.

మూడో రోజు కొత్తగూడ చావడిలో విచారణ జరిగింది. లింగమూర్తి గారే ప్రశ్నలు అడగాలి. జవాబులు నేను ఇంగ్లీషులో రాయాలి. వాటిని పట్నం పంపుతారు. నిజం చెప్పేద్దామని పొద్దున ఇంటి నుంచి బయల్దేరాను. గచ్చిబౌలి దాటేదాకా ఆ పట్టు నిలిచింది.

వీరేశాన్ని బల్ల ముందు నిలబెట్టారు. రుమాలు లేదు. ఆ పక్కన మగవాళ్ళు, ఈ పక్కన ఆడవాళ్ళు. మొగిలి భార్య రాలేదు.

"ఏమయ్యా, ఆ రాయిని తట్టినప్పుడు చప్పుడు విన్నావా?" అని అడిగారు లింగమూర్తి గారు.

వీరేశం ఆయన ముఖం చూశాడు. తర్వాత అలవాటు కొద్దీ ఆడవాళ్ళ వైపు చూశాడు. కిష్టమ్మ ఎక్కడుందో వెతికి పట్టుకున్నాడు. ఏమని జవాబు చెప్పాలో ఆమె కళ్ళు చెబుతాయని ఎదురుచూశాడు. విన్నాననమంటే అంటాడు. తప్పు తట్టానంటాడు, జైలుకు పోతాడు, మేస్త్రిగానే పోతాడు. చావడిలో అందరూ ఆయన చూపు వెంట కిష్టమ్మ వైపు తిరిగారు.

కిష్టమ్మ కొంగు లాగి ముఖం పూర్తిగా కప్పేసుకుంది.

ఆయన అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆమె కొంగు తీయలేదు. ఆ మనిషి మెడ మెల్లగా వంగింది. అధికారి ప్రశ్న మళ్ళీ అడుగుతున్నారు, ఆయన దాన్ని మధ్యలోనే తుంచి మాట్లాడాడు.

"నాకు ఇనవడదు సారూ. ఆరేండ్ల సంది ఏం ఇనవడదు. నా పెండ్లాం ఇంటుండె. నేను చెప్తుంటి." గొంతు అవసరం కన్నా పెద్దగా ఉంది. అది ఎంత పెద్దదో ఆయనకు తెలియదు. "నేను మేస్త్రిని గాను. మొగిలిగాణ్ణి నేనే చంపిన."

ఎవరో ముసలామె ఏడుపు మొదలుపెట్టింది. లింగమూర్తి గారు దస్త్రంలోంచి సర్టిఫికెట్ తీశారు. నాలుగో గడి మీద వేలు పెట్టారు. ఆ వేలు అక్కడి నుంచి కింద సంతకం మీదికి జరిగింది. అక్కడి నుంచి ఆయన చూపు నా మీదికి వచ్చింది.

"ఇది మీరే కదండీ రాసింది? ఆ రోజు బావి దగ్గర ఆవిడ అరుస్తుంటే భయపడుతోందన్నారు మీరు..."

లేచి నిలబడ్డాను. ఒక్క మాట అంటే చాలు. నాకు తెలుసు అనాలి. అంతే.

వీరేశం ఆ కాగితాన్ని గుర్తుపట్టాడు. దాని మీద ఆయన వేలిముద్ర ఉంది. అధికారి వేలు, అధికారి చూపు, నా ముఖం, మూడూ వరసగా చూశాడు. ముఖాలు చదవడంలో ఆయన కన్నా ఆరితేరినవాడు లేడు. నేను నోరు తెరిచేలోపే ఆయన చెయ్యెత్తాడు.

"ఆ సారుకు తెల్వదు. సారును సుత మోసం జేసిన. బాయిల ఏం జరిగినా మేస్త్రిదే సారూ, ఇంకొకరిది గాదు."

లింగమూర్తి గారు నిట్టూర్చి కుర్చీలో వెనక్కి వాలారు. ఆయనకూ అంతటితో తెగిపోతే బాగుండునని ఉన్నట్టుంది. "సరే, కూర్చోండి. అది కూడా రాసుకోండి" అన్నారు నాతో.

కిష్టమ్మ ముఖం మీది కొంగు తీసింది. నా వైపు చూసింది. నేను కూర్చున్నాను. కలం సిరాలో ముంచి, వీరేశం చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో, ఒక్క అక్షరం తప్పు పోకుండా, గుమస్తాకు ఏమీ తెలియదని నా చేత్తో నేనే రాశాను.